ఇల్లు కొని బాగుచేసి అమ్మవచ్చునా?

ధ్యాన భాగములు: లేవీయకాండము 14:33-48, 25:14, 29-31, సామెతలు 20:14, లూకా 14:28-30



పాత ఇల్లొకటి చవుకగా వచ్చుచున్నది, కొని బాగుచేయించి మంచి ధరకు అమ్ముకొనవచ్చునా అను ప్రశ్న ఈ మధ్య మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. మన తండ్రుల కాలమందు ఈ ప్రశ్న లేదు. తల దాచుకొనుటకు తాటాకు కప్పు దొరికిన చాలునని వారు దేవుని స్తుతించిరి. ఇప్పుడు కొందరి చేతిలో కువైటునుండి పంపుకొన్న డబ్బున్నది. కొందరి చేతిలో తాపీపని చేసి కూడబెట్టినదున్నది. మరియొక ప్రక్క, పిల్లలందరు హైదరాబాదునకో బెంగుళూరునకో వెళ్లిపోగా, తాళము పడిన పెంకుటిండ్లు, మండువా లోగిళ్లు గోదావరి, కృష్ణా ప్రాంతపు గ్రామములలో అక్కడక్కడ కనబడుచున్నవి. కొనువాడు ఉన్నాడు, అమ్మువాడు ఉన్నాడు. మధ్యవర్తి ఉండనే ఉన్నాడు.

ఇది లోకసంబంధమైన బేరము, దీనికి ప్రసంగ పీఠముతో ఏమి పని అని కొందరందురు. లేవీయకాండమును దాటవేయక చదివినవారు ఆ మాట అనరు. ఇంటి గోడకు పొడ పుట్టిన యెడల ఏ రాయి తీయవలెను, ఏ సున్నము గీయవలెను, ఎన్ని దినములు తాళము వేయవలెనని చెప్పిన దేవుడు, ఆ ఇంటి అమ్మకమును గూర్చి మనకేమియు చెప్పడా?

మొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పుచున్నాము. పాడైన ఇల్లు కొని, బాగుచేసి, లాభమునకు అమ్ముట దానంతట అది పాపము కాదు. సామెతలు 31వ అధ్యాయములోని గుణవతియైన స్త్రీ పొలమును చూచి, ఆలోచించి, కొన్నది. ఆమె చేతి సంపాదనతోనే అందులో ద్రాక్షతోట నాటినది. ఆమెను దురాశాపరురాలని గ్రంథకర్త అనలేదు. ఆమె పిల్లలు ఆమెను ధన్యురాలనిరి. కూలిపోవు గోడను నిలబెట్టుట ఒక పని. ఆ పనికి కూలి రావలెను. ఆ కూలిని లాభమని పిలిచినంత మాత్రమున అది అపవిత్రము కాదు. అయితే లాభములో కూలి ఎంత, ఎదుటివాని కన్నీరు ఎంత అనునది కొనువాడు విడదీసి చూచుకొనవలెను. అక్కడనే చిక్కున్నది.

ధర్మశాస్త్రము ఇంటి అమ్మకమును రెండు విధములుగా చూచినది. ప్రాకారముగల పట్టణములోని ఇంటిని అమ్మినవాడు ఒక సంవత్సరములోగా విడిపించుకొనవలెను. లేనియెడల అది కొన్నవానికే నిలిచిపోవును, సునాదకాలమున కూడ తిరిగిరాదు. ప్రాకారము లేని గ్రామములోని ఇల్లు అట్లు కాదు. అది పొలముతో సమానముగా ఎంచబడినది. ఎప్పుడైనను విడిపించుకొనవచ్చును, సునాదకాలమున అమ్మినవానికే తిరిగి వచ్చును. ఈ తేడా ఎందుకు? పట్టణపు ఇల్లు సరకు కావచ్చును గాని పల్లెలో ఇల్లు పోయిన కుటుంబము పొలము దగ్గర నిలువలేదు, ఊరిలోనే నిలువలేదు అని మేము గ్రహించుచున్నాము. మనము ఆ ధర్మశాస్త్రము క్రింద లేము, సునాద సంవత్సరము మనకు లేదు. అయినను పల్లెలో ఇల్లు కొనువాడు ఒక కుటుంబపు వేరును పట్టుకొనుచున్నాడను సంగతి మారలేదు.

మా సంఘములోని ఒక యౌవన సహోదరుని సంగతి ఇక్కడ చెప్పుట మంచిది. అతడు ఒప్పుకొన్నాడు, పేరు అక్కరలేదు. తాపీమేస్త్రి, మంచి పనివాడు. మన విశ్వాసుల కుటుంబమునకు చెందిన పాత పెంకుటిల్లు 12 లక్షలకు వచ్చుచున్నదని, తన యొద్ద 6 లక్షలున్నవని, మిగిలిన 6 లక్షలు తన స్వంత ఇంటి కాగితములు పెట్టి వడ్డీకి తెచ్చెదనని, 4 లక్షలతో బాగుచేసి 20 లక్షలకు అమ్మెదనని, ప్రార్థన చేయుమని వచ్చెను. బాగుచేయుటకు కావలసిన సొమ్ము పనులు చేయుచు ఎప్పటికప్పుడు సంపాదించుకొందునని అతని ఉద్దేశము. ప్రార్థనకు ముందు కొంచెము మాటలాడుకొంటిమి.

"అమ్మేది ఎవరు నాయనా?"

"కొడుకులిద్దరూనండి. హైదరాబాదులో ఉంటారు."

"మామ్మగారు ఏమంటున్నారు?"

"ఆవిడేమీ అనదండి. ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తుంది."

"ఆడపిల్ల ఉండాలి కదా, నెల్లూరు వైపు ఇచ్చారు?"

"ఆవిడకి పెళ్లప్పుడే ఇచ్చేశారంటండి, అయ్యగారూ."

ఈ చివరి మాట మన సంఘములలో ఎన్ని ఇండ్లలో వినలేదు! పెండ్లినాడు గొలుసు పెట్టితిమి, మంచము ఇచ్చితిమి, ఇక ఇంటిలో ఆమెకు భాగమేమి అందురు. చట్టము అట్లు చెప్పదు. క్రైస్తవులకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామా వ్రాయకుండ చనిపోయిన తండ్రి ఆస్తిలో మూడవ వంతు భార్యది; మిగిలిన రెండు వంతులు కొడుకులకును కూతుండ్రకును సమానముగా చెందును. ఆ తండ్రి వీలునామా వ్రాయలేదు. కాబట్టి ఆ 12 లక్షలలో తల్లి భాగము 4 లక్షలు. ముగ్గురు పిల్లలలో ఒక్కొక్కరిది ఇంచుమించు 2,66,000 రూపాయలు. ఆ కుమార్తె తన భాగమును ఇష్టపూర్వకముగా వదలుకొనదలచిన యెడల హక్కు విడుదల దస్తావేజు వ్రాసి రిజిష్టరు చేయవలెను. పెండ్లి గొలుసు దస్తావేజు కాదు.

సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి తమ భాగము అడిగిరని సంఖ్యాకాండము 27వ అధ్యాయములో ఉన్నది. వారికి అన్నదమ్ములు లేరు, ఈమెకు ఉన్నారు; కనుక రెండును ఒకే సంగతి కావు. కాని మోషే ఆ మాటను తోసివేయక దేవుని సన్నిధికి తీసికొనిపోయెను, వారు అడిగినది న్యాయమేనని దేవుడు సెలవిచ్చెను. మన పెద్దలు ఆడపిల్ల మాటను దేవుని సన్నిధి వరకు కాదు గదా, వీధి అరుగు వరకు కూడ రానియ్యరు.

"కొడుకుల మోసము కొడుకులది, నేను డబ్బు ఇచ్చి కొంటున్నాను కదండీ" అని ఆ సహోదరుడు అనెను. ఆ సంతకము లేకపోవుట చేతనే 12 లక్షలకు వచ్చుచున్నదేమో, విచారించుమని చెప్పితిమి. ఊరిలోని తక్కిన ఇండ్ల ధరతో పోల్చగా ఒక లక్షో రెండు లక్షలో తక్కువకు ఇచ్చుచున్నారు. త్వరగా ముగించవలెనని తొందర పడుచున్నారు. ఆ తగ్గిన సొమ్ము అతని పనితనపు కూలి కాదు. అది నెల్లూరులోని సహోదరిది. కొనుచున్నప్పుడు గాని అమ్ముచున్నప్పుడు గాని ఒకరినొకరు బాధింపకూడదని లేవీయకాండము 25:14లో ఉన్న ఆజ్ఞ అమ్మువానికి మాత్రమే కాదు, కొనువానికి కూడ. మరియు మామ్మగారు రేపు ఎక్కడ పడుకొనును? ఈ ప్రశ్న బేరములో ఎవరును అడుగలేదు.

బేరము మాట వచ్చినది గనుక ఇది కూడ చెప్పవలెను. సామెతలు 20:14లో కొనువాడొకడు కనబడును. కొనునప్పుడు సరకు బాగులేదు బాగులేదని అనును, అవతలికి పోయి తన తెలివిని పొగడుకొనును. మన విశ్వాసులు ఆ మనుష్యునికి ఒక పాఠము ఎక్కువ నేర్చిరి. వాస్తును నమ్మమని ఆదివారము సాక్ష్యము చెప్పినవాడే సోమవారము ఇల్లు చూడబోయి, దీనికి వీధిపోటు ఉన్నది, ఈశాన్యము తెగినది, ఎవరు కొందురు అని యాభై వేలు తగ్గించును. అదే ఇల్లు అమ్మునప్పుడు వాస్తు ప్రకారము గుమ్మము మార్చితినని చెప్పి లక్ష పెంచును. నమ్మని దానితో తగ్గించి, నమ్మని దానితో పెంచుట!

ఇక బాగుచేయుట. కుష్ఠుపొడ పుట్టిన ఇంటిని గూర్చిన లేవీయకాండము 14వ అధ్యాయమును మేము మేస్త్రీలకు చదివి వినిపింతుము, వారు ఆశ్చర్యపడుదురు. యాజకుడు లోపలికి రాకమునుపే ఇంటిలోని సామాను బయట పెట్టించును, ఆ పేదవాని కుండ చట్టి అపవిత్రము కాకుండునట్లు. తరువాత చూచును. ఏడు దినములు ఇల్లు మూయించును. మరల చూచును. పొడ వ్యాపించిన యెడల ఆ రాళ్లు ఊడదీసి ఊరి వెలుపల పారవేయించి, లోపలి గోడలన్నియు గీయించి, వేరు రాళ్లు పెట్టించి, వేరు అడుసుతో పూయించును. అంత చేసినను పొడ తిరిగివచ్చిన యెడల ఇల్లు పడగొట్టవలసినదే. పైన పూత పూసి కప్పుటకు అక్కడ చోటు లేదు.

మన ప్రాంతపు పాత ఇండ్ల జబ్బు మేస్త్రీలకు తెలిసినదే. నేలలోని చెమ్మ గోడ అడుగునుండి ఎక్కును, సున్నము పెచ్చులుగా ఊడును. దూలములలోను వాసములలోను చెద ఉండును; పైకి నున్నగా కనబడును, ఉలితో పొడిచిన యెడల పొడి రాలును. మట్టితోను గానుగ సున్నముతోను కట్టిన గోడ తనలోని చెమ్మను గాలికి విడుచును. దానిపై సిమెంటు పూత గట్టిగా వేసిన యెడల చెమ్మ లోపలనే నిలిచి, కొంతకాలమునకు ఆ పూతనే పగులగొట్టి ఊడదీయును. ఈలోగా తళతళలాడు రంగు వేసి అమ్మివేయవచ్చును. యెహెజ్కేలు 13వ అధ్యాయములో ప్రవక్త గద్దించినది ఇట్టి గోడనే. ఒకడు గోడ కట్టును, మరియొకడు దానికి పూత పూయును, వానయు వడగండ్లును వచ్చినప్పుడు గోడ పడును, పూత ఏమాయెనని జనులడుగుదురు. అది అబద్ధ ప్రవక్తలను గూర్చిన మాటయే. అయినను ఆ ఉపమానము మేస్త్రీల పనిలోనుండి తీసికొన్నది గనుక మేస్త్రీలకు కూడ తగులును. ఏ దూలము మార్చితిమో, ఏది మార్చలేదో కొనవచ్చినవానికి చూపవలెను. పట్టణములో కొన్నవాడు మరల కనబడకపోవచ్చును. పల్లెలో కొన్నవాడు వచ్చే ఆదివారము ప్రభువు బల్ల యొద్ద మన ప్రక్కనే మోకరించును.

పనివారి కూలి మాట ఒకటి. యెహోయాకీము రాజు విశాలమైన గదులు, కిటికీలు, దేవదారు పలకలు, ఎఱ్ఱని రంగు పెట్టించి కట్టుకొన్న మేడను యిర్మీయా 22వ అధ్యాయములో తిట్టుటకు కారణము ఆ రంగు కాదు, పనివారికి కూలి ఇయ్యకపోవుట. ఇల్లు అమ్ముడుపోగానే ఇచ్చెదనని వడ్రంగిని, కూలి స్త్రీలను నెలలు త్రిప్పువాడు తన వ్యాపారపు నష్టభయమును వారి నెత్తిన పెట్టుచున్నాడు.

ప్రభువు లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టగోరినవానిని ముందు కూర్చుండి లెక్క చూచుకొనుమనెను. ఆ మాట శిష్యత్వమును గూర్చినది. కాని ఇల్లు కట్టువారు లెక్క చూచుకొందురని ప్రభువు ఎరుగును గనుకనే ఆ పోలిక చెప్పెను. వడ్రంగి ఇంట పెరిగినవాడు గదా. మేమును ఆ సహోదరుడును కాగితము తీసికొని కూర్చుంటిమి.

ఇంటి ధర 12,00,000. అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము అన్నియు కలిపి సుమారు ఏడున్నర శాతము, అనగా 90,000. ఇది అతడు వేసికొననే లేదు. మరమ్మతుకు 4 లక్షలనుకొన్నాడు; పెంకు దింపి చూచిన తరువాత దూలములు చెదపట్టి ఉన్న యెడల 5,50,000 అగునని అతడే చెప్పెను, అది అతని విద్య గనుక. తెచ్చు అప్పు 6 లక్షలు, వడ్డీ నూటికి రెండు రూపాయలు, నెలకు 12,000. పని ముగిసి, కొనువాడు దొరకి, సొమ్ము చేతికి వచ్చుటకు ఏడాదిన్నర పట్టిన యెడల వడ్డీయే 2,16,000. పల్లెలో ఇల్లు కొనువారు ఎందరుందురు? ప్రక్క ఇంటివాడో, కొత్తగా వేరుపడిన అన్నదమ్ముడో. ఏడాదిన్నర ఎక్కువ కాదు. మొత్తము కూడగా 20,56,000 ఆయెను. అతడు అమ్మదలచిన ధర 20 లక్షలు. మధ్యవర్తి సొమ్ము ఇంకను కలుపలేదు. అతడు స్వయముగా పెట్టబోవు కూలి దినములు కలుపలేదు. 4 లక్షలు మిగులుననుకొన్నచోట 56,000 తరుగు!

అతడు చాలసేపు మాటలాడలేదు.

నూటికి రెండు అనగా నెలకు రెండు, సంవత్సరమునకు ఇరువది నాలుగు. నెహెమ్యా 5వ అధ్యాయములో జనులు తమ పొలములను ఇండ్లను తాకట్టు పెట్టి ఏడ్చుచుండగా, నెహెమ్యా అధికారులను పిలిచి, పొలములను ఇండ్లను తిరిగి ఇయ్యుడి, నూటికి ఒకటి చొప్పున తీసికొన్న వడ్డీని కూడ విడిచిపెట్టుడి అని ప్రమాణము చేయించెను. అక్కడ నూటికి ఒకటికే అంత ఏడ్పు. మన ఊళ్లలో నూటికి రెండు ధర్మవడ్డీ అని పేరు! స్వంత ఇంటి కాగితములు తాకట్టు పెట్టి, భార్య మెడలోనిది తీసి, మరియొకరి ఇల్లు బాగుచేయబోవుట తగదని మేము సూటిగా చెప్పితిమి. గుణవతియైన స్త్రీ తన చేతి ఫలముతో తోట నాటినది. ఉన్న గూడును పందెము పెట్టి కాదు.

కాగితముల సంగతి మన సంఘములకు విశేషముగా అవసరము. మనలో అనేకుల ఇండ్లు ప్రభుత్వము పేదలకిచ్చిన స్థలములలో ఉన్నవి. అట్టి పొలములను, ఇండ్ల స్థలములను అమ్మరాదని 1977లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టము చేయబడినది. ఇటీవల ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని సంవత్సరములు గడిచిన వాటికి సడలింపులు వచ్చినవి. కాని ఏ స్థలమునకు వర్తించునో తహసీల్దారు కార్యాలయములో అడుగక బయానా ఇయ్యకూడదు. నిషేధిత జాబితాలో, అనగా జనులు 22-ఎ అని పిలుచు జాబితాలో, ఉన్నదేమో సబ్-రిజిస్ట్రారు కార్యాలయములో చూడవలెను. ఇ.సి. తీయించవలెను. ఇంటిపన్ను రసీదు చూపి ఇదే దస్తావేజు అనువానిని నమ్మకూడదు. అది పన్ను కట్టినట్టు చెప్పును గాని హక్కు ఇయ్యదు. యిర్మీయా చెరసాల ప్రాకారములో ఉండి, శత్రువు పట్టణమును చుట్టుముట్టియుండగా, అనాతోతులోని పొలమును తన బంధువైన హనమేలు యొద్ద 17 తులముల వెండికి కొనెను. అంతటి విశ్వాస కార్యములో కూడ ప్రవక్త సాక్షుల చేత చేవ్రాలు చేయించెను, వెండిని త్రాసుతో తూచెను, ముద్రవేసిన పత్రమును ముద్రలేని పత్రమును రెంటిని బారూకు చేతికిచ్చి మంటికుండలో భద్రము చేయించెను. ప్రార్థన చేసితిమి గనుక కాగితములు చూడనక్కరలేదనువారు 32వ అధ్యాయము చదువుదురు గాక.

మరియొక వాడుక ఉన్నది, అందరు చేయుచున్నారు గనుక ఎవరికి తప్పుగా తోచదు. 12 లక్షలకు కొని, దస్తావేజులో ప్రభుత్వ విలువ 5 లక్షలని వ్రాయించి, మిగిలినది చేతిలో చేయి పెట్టి ఇచ్చుట. ఇండ్లు స్థలముల అమ్మకములో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనరాదని 2015 నుండి ఆదాయపుపన్ను చట్టములో నియమమున్నది. అననీయ సప్పీరాలు పొలము అమ్మిన వెలలో కొంత దాచుకొని అంతయు ఇదేయని చెప్పిరి. పొలము వారిదే, వెలయు వారి వశమందే ఉండెనని పేతురు ఒప్పుకొనెను. వారి నేరము చెప్పిన అంకెలో ఉండెను. మనము ఆ అంకెను స్టాంపు కాగితము మీద వ్రాయించి, ఇద్దరు విశ్వాసులను సాక్షి సంతకమునకు పిలుచుచున్నాము! పైగా అమ్మునాడు లాభము ఎక్కువగా కనబడి పన్ను పెరుగును. 2024 జూలై 23 మొదలు కొన్న ఇల్లు 24 నెలలు దాటిన తరువాత అమ్మిన యెడల లాభముపై 12.5 శాతము పన్ను. అంతకు లోపల అమ్మిన యెడల ఆ లాభము ఆ యేటి ఆదాయములో కలియును. ఇదే వ్యాపారముగా చేయువారి లెక్క వేరు.

ఆ సహోదరుడు కోపగించుకొనలేదు. నెల్లూరులోని సహోదరికి తానే ఫోను చేసెను. ఆమె కొంతసేపు ఏడ్చి, నా భాగము నాకు కావలెను, అది అమ్మ పేర బ్యాంకులో వేయండి అనెనట. కొడుకులలో పెద్దవాడు మొదట అలిగి, తరువాత ఒప్పుకొన్నాడు. తల్లి భాగము తల్లికే ఇయ్యవలెనని, ఆమె బ్రతికినంతకాలము వసారా ప్రక్కగది ఆమెదేనని, ఇల్లు ఎవరికి అమ్మినను ఆ మాట దస్తావేజులో ఉండవలెనని అనుకొన్నారు. అందువలన ఇల్లు కొనువారు ఇంకను తగ్గుదురు, అతనికి తెలియును. అప్పు మాట మానుకొని, తన 6 లక్షలకు తోడు కువైటులోనున్న బావమరిది సగము పెట్టుబడి పెట్టునేమో అడిగియున్నాడు. జవాబు రాలేదు. బయానా ఇంకను ఇయ్యలేదు. వచ్చే బుధవారము వడ్రంగిని తీసికొనిపోయి, మామ్మగారి సామాను ముందు వసారాలోకి చేర్చి, నాలుగు వరుసల పెంకు దింపి దూలములు చూచెదరు.